అద్దం ఎక్కించడం సరే, ఆపేదెవరు?

(ఇంజినీరింగ్ విద్యార్థులకు రిమోట్ విండో క్లోజర్ ప్రాజెక్టు మీద చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఈ బల్ల మీద నిలబెట్టింది ఓ చిన్న కారు ముందు తలుపు. లోపలి డోర్ ప్యాడ్ ఊడదీశాం కాబట్టి మోటారు, అద్దాన్ని ఎత్తే రెగ్యులేటరు, అద్దం జారే రబ్బరు గాడి అన్నీ కనిపిస్తాయి. పక్కన 12 వోల్టుల బ్యాటరీ ఉంది. మోటారు తీగలు రెండూ బ్యాటరీకి తాకిస్తున్నాను, చూడండి. ఎక్కింది. నాలుగు సెకన్లు పట్టింది. తీగలు తిరగేశాను, దిగింది. పని అంతే. ఒక రిమోట్ మాడ్యూలు, రెండు రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) తెచ్చుకుంటే ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతుంది. మరి దీన్ని మీరు ఏడాది ప్రాజెక్టు అని ఎలా రాసుకుంటున్నారు?

ఇదిగో మునక్కాడ. అద్దం మీదుగా అడ్డంగా పెట్టి మళ్లీ ఎక్కిస్తున్నాను. (చప్పుడు) విన్నారుగా. మోటారు కనీసం మూలగను కూడా లేదు. మునక్కాడ ఉన్నచోట చిన్నపిల్ల చెయ్యి ఉండొచ్చు, కిటికీలోంచి తల బయటపెట్టిన బాబు మెడ ఉండొచ్చు. కారులో కూర్చుని స్విచ్ నొక్కేవాడికి పక్కన ఎవరున్నారో కనబడుతుంది. రిమోట్ ఇచ్చామంటే ఆ చూపును తీసేశామన్నమాట. కాబట్టి మీ ప్రాజెక్టు అద్దాన్ని మూసే యంత్రం గురించి కాదు, ఆపే యంత్రం గురించి. ఇవాళ మాట్లాడేదంతా దాని చుట్టూనే.

అద్దానికి ఎంత బలం కావాలో, మోటారు దగ్గర ఎంత ఉందో మొదట చూద్దాం. ముందు తలుపు అద్దం సుమారు 3 కిలోలు ఉంటుంది, అంటే 30 న్యూటన్లు. రబ్బరు గాడిలో రాపిడి కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. అయితే పదేళ్ల పాత కారులో, ఎండకు రబ్బరు బిగుసుకుపోయాక, బ్యాటరీ దిగినప్పుడు కూడా అద్దం ఎక్కాలి కదా. అందుకని మోటారుకు అవసరానికి మించి కొన్ని రెట్లు బలం పెడతారు. వేలి మీద పడేది ఆ మిగులు బలమే. ఇంకో సంగతి: ఇందులో ఉన్నది వర్మ్ గేరు. కరెంటు తీసేసినా అద్దం ఉన్నచోటే బిగిసి ఉంటుంది, చేత్తో నొక్కితే దిగదు. అది దొంగల నుంచి కాపాడుతుంది, కానీ ఇరుక్కున్న చేతిని వదలదు. అందుచేత మోటారును ఆపితే సరిపోదు, వెనక్కి తిప్పాలి. మార్కెట్లో చూసి కాపీ కొట్టే చవక సర్క్యూట్లలో ఎక్కువ భాగం ఇక్కడే తప్పుతాయి. అవి మూయడానికి ఒక్క రిలే పెడతాయి, దించే దారి ఉంచవు.

ఇప్పుడు కొలమానం. పవర్ విండోల మీద అమెరికాలో ఎఫ్.ఎం.వి.ఎస్.ఎస్. 118 అని ఒక భద్రతా ప్రమాణం ఉంది. మన ప్రాజెక్టును ఆ ప్రమాణం కింద ఎవరూ పరీక్షించరు. అయినా డిజైను చేసేవాడికి అది పనికొస్తుంది, ఎందుకంటే అది రెండు దారులు వేరు చేసి చూపిస్తుంది. మొదటి దారిలో రిమోట్ బటన్ నొక్కి పట్టుకున్నంత సేపే అద్దం కదలాలి, వదిలితే ఆగాలి, పైగా ఆ రిమోట్ 6 మీటర్లకు మించి పనిచెయ్యకూడదు. అంటే నొక్కేవాడు కారు పక్కనే ఉండి చూస్తూ ఉండాలి. రెండో దారిలో ఒక్కసారి నొక్కితే చాలు, లేదా తలుపులు లాక్ కాగానే అద్దాలు తమంతట తామే మూసుకుంటాయి. అది కావాలంటే 4 మి.మీ. నుంచి 200 మి.మీ. వ్యాసం దాకా ఏ కడ్డీ అడ్డం పెట్టినా దాని మీద 100 న్యూటన్ల బలం పడేలోపే అద్దం వెనక్కి తిరగాలి. తిరిగాక ఊరికే ఆగితే కుదరదు. మొదలైనప్పటి స్థానానికైనా పోవాలి, తిరిగిన చోటు నుంచి 125 మి.మీ. అయినా కిందికి దిగాలి, లేదంటే 200 మి.మీ. కడ్డీ పట్టేంత సందైనా ఇవ్వాలి.

100 న్యూటన్లంటే పది కిలోల బియ్యం సంచి బరువు. 4 మి.మీ. అని ఎందుకు పెట్టారు? అద్దం పై అంచు బీడింగ్‌లోకి దూరే ఆఖరి ఘడియలో బలం ఎలాగూ పెరుగుతుంది. అక్కడ కూడా వెనక్కి తిరగమంటే అద్దం ఎప్పటికీ మూసుకోదు. ఆ ఆఖరి 4 మి.మీ.ని వదిలేసి, దానికి కింద ఉన్నదంతా కాపలా కాయమంటున్నారు.

ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: మా రిమోట్ వంద మీటర్ల దూరం నుంచి పనిచేస్తుంది అని. గర్వంగా బోల్డ్‌లో రాస్తారు. అది గొప్ప కాదు, లోపం. మూడో అంతస్తు బాల్కనీలోంచి నొక్కేవాడికి కారు వెనక సీట్లో ఎవరున్నారో తెలియదు.

ఇక లెక్కకు వద్దాం. రెండో దారి ఎంత కష్టమో లెక్క చేస్తే గానీ తెలియదు. అద్దం ప్రయాణం 440 మి.మీ. అనుకోండి, 4 సెకన్లు పడుతోంది. వేగం సెకనుకు 110 మి.మీ. అడ్డంగా ఉన్న వస్తువు కాస్త మెత్తనిది, మి.మీ. నొక్కితే 10 న్యూటన్లు తిరిగి నెట్టే స్ప్రింగు లాంటిది అనుకుందాం. 100 న్యూటన్లకు 10 మి.మీ. నొక్కుకోవాలి. 110 మి.మీ. వేగంతో 10 మి.మీ.కి సుమారు 90 మిల్లీసెకన్లు. ఆ 90లో మీరు, అడ్డు తగిలిన మోటారులో కరెంటు పెరగడాన్ని పసిగట్టాలి, నిజమేనని నమ్మాలి, రిలే వదలాలి, తిరుగుతున్న ఆర్మేచరు ఆగాలి. కష్టమే గానీ చెయ్యొచ్చు. అదే వస్తువు గట్టిదైతే? మి.మీ.కి 65 న్యూటన్లు పెట్టి చూడండి. ఒకటిన్నర మి.మీ.కే 100 న్యూటన్లు వచ్చేస్తాయి. చేతిలో ఉన్నది 14 మిల్లీసెకన్లు. రిలేలు, కరెంటు సెన్సారు పెట్టి ఈ పని కాదు. కంపెనీలు మోటారు షాఫ్టు మీద అయస్కాంతపు రింగు, హాల్ సెన్సార్లు పెట్టి వేగం తగ్గడాన్ని నేరుగా కొలుస్తాయి. కొన్ని కార్లలో పై అంచు దగ్గర వేగాన్నే తగ్గిస్తారు.

అందుకని చెప్పేది ఇది. మీ ప్రాజెక్టుకు మొదటి దారిని పునాదిగా పెట్టుకోండి, అంటే నొక్కి పట్టుకుంటేనే కదిలే రిమోట్. కరెంటు సెన్సింగ్‌ను దాని మీద రెండో పొరగా వెయ్యండి. రిపోర్టులో ఆ పొరను రక్షణకు అదనపు ఏర్పాటు అని రాయండి, యాంటీ పించ్ (చెయ్యి నలగకుండా అద్దం వెనక్కి తిరగడం) సాధించాం అని రాయకండి. 100 న్యూటన్లు కొలిచి చూపించగలిగితేనే ఆ మాట వాడాలి.

వైరింగ్. తలుపు విప్పగానే మోటారు ప్లగ్గులో ఎన్ని తీగలున్నాయో లెక్కపెట్టండి. రెండే ఉంటే ఇప్పుడు చెప్పబోయేదంతా వర్తిస్తుంది. ఐదో ఆరో ఉంటే మోటారులోనే ఎలక్ట్రానిక్ బోర్డు ఉందన్నమాట. స్విచ్ నుంచి వచ్చేది లిన్ బస్ (కారు భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగ) సందేశం కావొచ్చు. ఆ తీగల్ని కోయొద్దు, ఆ కారు మన ప్రాజెక్టుకు పనికిరాదు. డ్రైవరు వైపు ఒక్క నొక్కుతో దిగే అద్దాలున్న కార్లలో ఆ ఒక్క తలుపుకే ఇలా ఉండి, మిగతా మూడూ రెండు తీగలవే అయ్యుండొచ్చు. నాలుగూ విడివిడిగా చూసుకోవాలి.

రెండు తీగలుంటే మల్టీమీటరు తీయండి. స్విచ్ ఎవరూ నొక్కనప్పుడు రెండు తీగలూ బాడీ ఎర్త్‌కు కలిసే ఉంటాయి. మీటరు ఒక ఓమ్ లోపు చూపించాలి. ఎక్కించే వైపు నొక్కితే ఒక తీగ ఎర్త్ నుంచి విడిపోయి 12 వోల్టులకు పోతుంది, రెండోది ఎర్త్‌లోనే ఉంటుంది. దించేటప్పుడు దీనికి తిరగబడి జరుగుతుంది. చాలా కార్లలో పద్ధతి ఇదే. మీ మీటరు వేరే ఏదైనా చూపిస్తే అక్కడే ఆగి, ఆ మోడల్ వైరింగ్ డయాగ్రం దొరికేదాకా చెయ్యి పెట్టకండి.

ఇప్పుడు ఎక్కించే తీగను స్విచ్‌కీ మోటారుకీ మధ్య కోస్తాం. ఐదు కాళ్ల ఆటోమొబైల్ రిలేలో 30 నంబరు కాలికి మోటారు వైపు తీగ, 87ఎ కాలికి స్విచ్ వైపు తీగ, 87కి ఫ్యూజు దాటి వచ్చే 12 వోల్టులు. కాయిల్ 85, 86. రిలే ఊరికే ఉన్నప్పుడు పాత స్విచ్ యథాప్రకారం పనిచేస్తుంది. రిలే లాగితే, అంటే కాయిల్‌కు కరెంటు ఇస్తే, మోటారుకు మన 12 వోల్టులు అందుతాయి, తిరుగు ప్రయాణం దించే తీగలోంచి స్విచ్ ద్వారా ఎర్త్‌కు పోతుంది. దించే తీగలోనూ ఇలాంటిదే ఇంకో రిలే పెట్టాలి, వెనక్కి తిప్పడానికి. ఈ అమరికలో ఒక సౌఖ్యం ఉంది. పొరపాటున రెండు రిలేలూ ఒకేసారి లాగినా షార్ట్ అవ్వదు. మోటారు రెండు చివర్లకూ 12 వోల్టులే వస్తాయి కాబట్టి అది కదలదు. నాలుగు విడి స్విచ్‌లతో హెచ్ బ్రిడ్జి కట్టి, ప్రోగ్రాం తప్పు వల్ల ఫ్యూజులు పేల్చుకోవడం కంటే ఇది ఎంతో నయం.

కొందరు కోయడానికి బద్ధకించి స్విచ్‌కు కరెంటు తెచ్చే తీగకే 12 వోల్టులు అంటిస్తారు. బండి తాళం తీసేశాక పవర్ విండో సర్క్యూట్‌కు కరెంటు ఉండదు కదా, అందుకని. అప్పుడు మీ కరెంటు ఆ తీగలోంచి వెనక్కి ఇగ్నిషన్ లైనులోకి పారుతుంది. అద్దం ఎక్కకపోగా తాళం లేకుండానే డాష్‌బోర్డు దీపాలు వెలుగుతాయి. స్టీరియో కూడా మోగొచ్చు. (నవ్వులు) నవ్వులాటగా ఉంటుంది గానీ ఆ తీగలు ఆ బరువు మొయ్యడానికి వేసినవి కావు.

రిలే ఎంపిక మీద ఒక్క మాట కాదు, చాలా మాటలు చెప్పాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడగ్గానే ఇచ్చే నీలం రంగు చిన్న రిలే 10 ఆంపియర్లది. మోటారు ఎక్కేటప్పుడు తీసుకునేది 5 నుంచి 8 ఆంపియర్లు, కాబట్టి సరిపోతుందని అనిపిస్తుంది. మొదలయ్యే క్షణంలోనూ, పైన తగిలి ఆగిపోయినప్పుడూ అదే మోటారు 20 దాటి లాగుతుంది. ప్రతిసారీ ఆ కరెంటును తెంచేటప్పుడు కాంటాక్టుల మధ్య నిప్పు లేస్తుంది. కొన్ని వందల సార్లకు అతుక్కుపోతాయి. అతుక్కుపోయిన రిలే అంటే ఎవరు ఏ బటన్ వదిలినా ఎక్కుతూనే ఉండే అద్దం. కాబట్టి 30 లేదా 40 ఆంపియర్ల ఆటోమొబైల్ రిలేలే వాడండి. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, మీ ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా దొరుకుతాయి, సాకెట్‌తో సహా.

అదీ చాలదు. అన్ని రిలేల 87 కాళ్లకూ వచ్చే 12 వోల్టుల దారిలో ఇంకో రిలే పెట్టండి. దీన్ని మాస్టర్ అందాం. ఎక్కించే, దించే రిలేలు రెండూ దిశ రిలేలు. ఎక్కించాలంటే ముందు దిశ రిలే లాగాలి, 20 మిల్లీసెకన్లు ఆగి మాస్టర్ లాగాలి. ఆపాలంటే ముందు మాస్టర్ వదలాలి, తర్వాత దిశ రిలే. నిప్పంతా మాస్టర్ కాంటాక్టుల మీదే పడుతుంది, దిశ రిలేలు కరెంటు లేకుండా కదులుతాయి కాబట్టి పాడవవు. మాస్టర్ అతుక్కుపోతే దిశ రిలే ఆపుతుంది. ఏ ఒక్కటి చెడినా అద్దం ఆగాల్సిందే. మాస్టర్ వదిలిన 50 మిల్లీసెకన్ల తర్వాత కూడా సెన్సారులో కరెంటు కనబడితే అది అతుక్కుపోయినట్టే. అప్పుడు దిశ రిలే వదిలేసి, ఎర్ర దీపం వెలిగించి, మళ్లీ కదలకుండా ప్రోగ్రాం తనకు తాను తాళం వేసుకోవాలి.

మాస్టర్ ముందు 20 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి, బోర్డు దగ్గర కాదు. ఫ్యూజు కాపాడేది తీగను. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని కాపాడేవాడు లేడు. తీగ 2.5 చదరపు మి.మీ. ఉండాలి. నాలుగు అద్దాలూ ఒకేసారి ఎక్కించొద్దు. పైన తగిలినప్పుడు నాలుగూ కలిసి 80 ఆంపియర్లు అడుగుతాయి. ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటూ రండి, ఇరవై సెకన్లు పడితే పడనివ్వండి.

కరెంటు సెన్సారు. ఎ.సి.ఎస్. 712 లో 30 ఆంపియర్ల రకం తీసుకుంటే ఆంపియరుకు 66 మిల్లీవోల్టులు ఇస్తుంది. 5 వోల్టుల మీద నడిచే, వోల్టేజీని అంకెగా మార్చే పది బిట్ల ఎ.డి.సి.లో ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. అంటే ఒక మెట్టు 0.07 ఆంపియర్లు. మనకు చాలు. సెన్సారును మాస్టర్ తర్వాత, దిశ రిలేలకు ముందు పెడితే అన్ని అద్దాలకూ ఒక్కటే సరిపోతుంది. మిల్లీసెకనుకు ఒక రీడింగు తీసి ఎనిమిదింటి సగటు చూడండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: 10 ఆంపియర్లు దాటితే ఆపు అని ఒకే గీత గీసుకోవడం. మొదటి క్షణంలో మోటారు స్టార్టింగ్ కరెంటే ఆ గీత దాటుతుంది, కాబట్టి అద్దం మొదలవుతూనే ఆగిపోతుంది. సరే, మొదటి 250 మిల్లీసెకన్లు పట్టించుకోవద్దని రాస్తారు. తర్వాత ఇంజను ఆపిన కారులో 12.4 వోల్టులు, నడుస్తున్న కారులో 14 దాటి ఉంటే కరెంటు మారిపోతుంది. తెల్లవారుజామున రబ్బరు బిగుసుకుంటుంది, గాడిలో దుమ్ము చేరుతుంది. అద్దం సగంలో తనంతట తానే దిగిపోవడం మొదలెడుతుంది. అప్పుడు ఏం చేస్తారు? గీతను 12కి పెంచుతారు, ఆపైన 15కి. అలా పెంచుకుంటూ పోతే మునక్కాడ విరిగే చోటికే మళ్లీ చేరతారు. గీతను పెంచే ముందు గాడిని శుభ్రం చేసి సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బుతుంది.

సరైన పద్ధతి వేరు. అద్దం సాఫీగా ఎక్కేటప్పుడు కరెంటు మెల్లగా మారుతుంది. చెయ్యి అడ్డం వచ్చినప్పుడు గబుక్కున లేస్తుంది. కాబట్టి ఎంత ఉంది అని కాక, ఎంత త్వరగా పెరిగింది అని చూడాలి. గత 200 మిల్లీసెకన్ల సగటును ఆధారంగా పెట్టుకుని, దాని మీద 30 మిల్లీసెకన్లలో 2.5 ఆంపియర్లు పెరిగితే వెనక్కి తిప్పు అని మొదలుపెట్టి, మీ తలుపుకు తగ్గట్టు సర్దుకోండి. ఆ స్టార్టింగ్ 250 మిల్లీసెకన్లలో అద్దం 25 మి.మీ. దాకా గుడ్డిగా పోతుంది. అది ఈ డిజైనులో మిగిలే లోపం. రిపోర్టులో దాచకుండా రాయండి. వైవాలో అడిగే ప్రశ్న అదే.

పైకి చేరిందని ఎలా తెలుస్తుంది? కింది నుంచి పూర్తిగా ఎక్కడానికి పట్టే సమయాన్ని మొదట నేర్పించాలి. ఆ సమయానికి దగ్గర్లో వచ్చిన పెరుగుదలను మూసుకోవడంగా తీసుకోవచ్చు, అంతకుముందు వస్తే అడ్డంగా. అద్దం సగంలో ఉండగా మొదలైతే ఈ లెక్క చెల్లదు. హాల్ సెన్సారు లేకపోతే స్థానం తెలియదు. అందుకే నొక్కి పట్టుకునే రిమోట్‌ను పునాది అన్నాను. ఏది జరిగినా, నేర్చుకున్న సమయానికి ఒకటిన్నర రెట్లు దాటితే అంతా ఆపెయ్యాలి.

రిమోట్‌కు వద్దాం. మన దేశంలో 433 నుంచి 434 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు. ల్యాబుల్లో అందరూ వాడేది హెచ్.టి. 12ఇ (కోడ్ పంపే ఎన్‌కోడరు), హెచ్.టి. 12డి (దాన్ని అందుకునే డీకోడరు) చిప్పుల జంట. 8 అడ్రసు బిట్లు, 4 డేటా బిట్లు. అంటే మొత్తం 256 కోడ్లు. 5 వోల్టుల దగ్గర ఎన్‌కోడరుకు 1 మెగా ఓమ్, డీకోడరుకు 51 కిలో ఓమ్ రెసిస్టర్లు. ఎన్‌కోడరును 12 వోల్టుల చిన్న సెల్ మీద, డీకోడరును 5 మీద నడిపితే ఆసిలేటర్ల పొంతన చెడి ఒక్కోసారి పట్టుకోదు. కారణం తెలియక యాంటెన్నాను తిట్టుకుంటారు. యాంటెన్నా సంగతి తేలిక, 17.3 సెం.మీ. తీగ నిటారుగా ఉంటే చాలు.

256 కోడ్లున్నా ల్యాబులో వాడేది ఒక్కటే. ఎనిమిది కాళ్లూ ఎర్త్‌కు కలిపేస్తారు, సోల్డరింగ్ సులువని. అందుకే పక్క టీము బటన్ నొక్కితే మీ అద్దం ఎక్కుతుంది. (నవ్వులు) కోడ్ మారకపోవడం ఇంకా పెద్ద సమస్య. ఒకసారి రికార్డు చేస్తే ఎన్నిసార్లైనా తిరిగి వినిపించొచ్చు. దానికి ప్రతి నొక్కుకూ మారే రోలింగ్ కోడ్ కావాలి. హెచ్.సి.ఎస్. 301 చిప్పు ప్రతి నొక్కుకూ ఒక పదహారు బిట్ల లెక్కను పెంచి, గుప్తలిపిలోకి మార్చి, 28 బిట్ల సీరియల్ నంబరుతో కలిపి మొత్తం 66 బిట్లు పంపుతుంది. అది వాడే కీలాక్ పద్ధతిని 2008లో పరిశోధకులు ఛేదించారు. 2015లో సామీ కామ్‌కర్ అనే భద్రతా పరిశోధకుడు రోలింగ్ కోడ్‌ను జామ్ చేసి దాచుకుని తర్వాత వాడుకోవచ్చని చూపించాడు. అయినా విద్యార్థి ప్రాజెక్టుకు స్థిర కోడ్ కంటే ఇది ఎంతో మేలు. ఒక షరతు మాత్రం పెడతాను: మీ రిమోట్‌తో అద్దాలు దించే బటన్ పెట్టకండి. మూసే కోడ్ దొంగ చేతికి చిక్కితే అద్దం మూసుకుంటుంది. దించే కోడ్ చిక్కితే కారే పోతుంది.

నొక్కి పట్టుకోవడంలో ఒక మెలిక ఉంది. హెచ్.టి. 12ఇ ఒక్కో మాట సుమారు 24 మిల్లీసెకన్లలో పంపేస్తుంది. హెచ్.సి.ఎస్. 301 కు ఒక్కో సందేశానికి 100 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. బటన్ వదిలారని రిసీవరుకు ఎలా తెలుస్తుంది? సందేశం రాకపోవడం వల్ల. గాలిలో ఒక సందేశం చెడితే అద్దం ఆగి ఆగి ఎక్కుతుంది కాబట్టి, మూడు పోయేదాకా ఓపిక పడదామని రాస్తారు. అప్పుడు 300 మిల్లీసెకన్లలో అద్దం 3 సెం.మీ. పైకి పోతుంది. రెండుకు మించి ఓపిక పట్టకండి. అద్దం కాస్త కుదుపుగా ఎక్కినా పర్వాలేదు. అద్దం ఎక్కుతుండగా కరెంటు గబుక్కున పెరిగితే మాత్రం, బటన్ ఇంకా నొక్కే ఉన్నా సరే, 125 మి.మీ. వెనక్కి దించి, బటన్ పూర్తిగా వదిలి మళ్లీ నొక్కేదాకా కదలకూడదు.

రిసీవరు కొనేటప్పుడు ఆకుపచ్చ రంగు చవక సూపర్ రీజనరేటివ్ బోర్డు వద్దు. సిగ్నల్ లేనప్పుడు అది ఆపకుండా రొద పంపుతూ ఉంటుంది. సూపర్ హెట్ రకం తీసుకోండి. తర్వాత ట్రాన్స్‌మిటర్ శక్తిని కారు చుట్టూ టేపుతో కొలిచి 6 మీటర్లకు తగ్గించండి. యాంటెన్నా పొట్టి చెయ్యడం అన్నిటికంటే తేలిక మార్గం.

కారు ఆగి ఉన్నప్పుడు మీ బోర్డు ఎంత తింటుందో చూశారా? ఆర్డునో యూనో ఊరికే కూర్చుంటే 45 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లొస్తే మూడో వంతు ఖాళీ. పాత బ్యాటరీ అయితే సెల్ఫ్ కొట్టదు. యూనో బోర్డు ల్యాబులో రాసుకోవడానికి వాడండి. కారులోకి ఒట్టి ఎ.టి.మెగా 328 చిప్పునే వెయ్యండి, నిద్రలో మైక్రో ఆంపియర్లే. 7805 రెగ్యులేటరు కూడా ఏమీ చెయ్యకుండానే 5 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. ఎల్.ఎం. 2936 లాంటిది పెడితే ఆ బాధ లేదు. రిసీవరు 5 మిల్లీ ఆంపియర్లు మిగులుతుంది. నెలకు 3.6 ఆంపియర్ అవర్లు, పదో వంతు. అది భరించొచ్చు.

కారులో 12 వోల్టులంటే 12 అనుకోకండి. సెల్ఫ్ కొట్టినప్పుడు 6కు పడిపోతుంది. నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడితే ఆల్టర్నేటరు నుంచి వంద వోల్టుల దాకా లేవొచ్చు. బోర్డు ముందు ఒక డయోడు, ఇలా ఎగిసే వోల్టేజీని అణచే టి.వి.ఎస్. డయోడు, ఆ తర్వాత 1000 మైక్రో ఫ్యారడ్ కెపాసిటరు ఉండాలి. రిలేలు నడిపే యు.ఎల్.ఎన్. 2003 ప్రతి ఇన్‌పుట్‌కూ 10 కిలో ఓమ్‌తో ఎర్త్‌కు కట్టండి. చిప్పు రీసెట్ అయ్యే క్షణంలో కాళ్లు గాలిలో వేలాడతాయి, ఆ క్షణంలో రిలే లాగకూడదు. వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఆగిపోతే చిప్పును రీసెట్ చేసే టైమరు) తప్పనిసరి. ప్రోగ్రాం వేలాడిపోయినప్పుడు అద్దం ఎక్కుతూ ఉండకూడదు కదా.

ల్యాబులో అన్నిటికంటే ఎక్కువగా వినే ఫిర్యాదు: మోటారు స్టార్ట్ కాగానే బోర్డు రీసెట్ అవుతోంది, రిలే టకటక కొట్టుకుంటోంది. చూస్తే 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టరు పెట్టి ఉంటుంది. 20 ఆంపియర్లు అడిగే మోటారును దానికి కడితే వోల్టేజీ కూలిపోతుంది. ప్రోగ్రాంలో తప్పు వెతకడం మానేసి 7 ఆంపియర్ అవర్ల యూపీఎస్ బ్యాటరీ తెచ్చుకోండి. బోర్డుకూ మోటారుకూ వేర్వేరు ఎర్త్ తీగలు బ్యాటరీ టెర్మినల్ దాకా లాగండి. ఒకే తీగ పంచుకుంటే మోటారు కరెంటుకు ఆ తీగలో పడే వోల్టేజీ మీ సెన్సారు రీడింగులోకీ దూరుతుంది.

చివరగా కొలత. 20 కిలోల లోడ్ సెల్, హెచ్.ఎక్స్. 711 బోర్డు తీసుకోండి. ఆ బోర్డు వచ్చినప్పుడు సెకనుకు 10 రీడింగులే ఇస్తుంది. మనకు కావాల్సిన ఘటన 90 మిల్లీసెకన్లలో ముగుస్తుంది కాబట్టి శిఖరం జారిపోయి, బలం 40 న్యూటన్లే అని అందంగా వస్తుంది. రేట్ కాలిని హై చేసి సెకనుకు 80కి మార్చండి. అదీ 12 మిల్లీసెకన్లకు ఒకటే, కాబట్టి వచ్చిన అంకె అసలు శిఖరం కంటే తక్కువే అయ్యుండొచ్చని రాయండి. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ఒక్కోచోట పదిసార్లు కొలవండి. సగటు రాయొద్దు, అన్నిటికంటే పెద్ద అంకె రాయండి. మెత్తని వాటికి బీరకాయ, గట్టి వాటికి చెక్క కడ్డీ. వేలు ఎవరూ పెట్టొద్దు, ఎంత నమ్మకమున్నా సరే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, రిమోట్ బదులు ఫోన్ యాప్, బ్లూటూత్ పెడితే రోలింగ్ కోడ్ బాధ ఉండదు కదా?)

పెట్టొచ్చు. కానీ ఫోన్ జేబులో పెట్టుకుని నడిచి వెళ్లిపోతే లింకు తెగిందని మాడ్యూలుకు తెలియడానికి సెకన్లు పట్టొచ్చు. లింకు స్థితిని నమ్మకండి. వేలు తెర మీద ఉన్నంతసేపు 50 మిల్లీసెకన్లకోసారి యాప్ ఒక సందేశం పంపాలి, అది రాకపోతే ఆపాలి. ఇంకోటి, తెర మీద బటన్‌ను చూడకుండా నొక్కలేరు. కళ్లు అద్దం మీద ఉండాల్సిన సమయంలో ఫోన్ మీద ఉంటాయి.

(ఒక విద్యార్థిని: వాన సెన్సారు పెట్టి, చినుకు పడగానే అద్దాలు మూసేలా చెయ్యాలనుకుంటున్నాం సార్.)

అది రెండో దారి అమ్మా, అందులోనూ కఠినమైన భాగం. ఎవరూ చూడటం లేదు, ఎవరూ నొక్కలేదు. 100 న్యూటన్ల పరీక్ష నెగ్గకుండా అది కట్టొద్దు. మే నెల ఎండలో కారులో పిల్లో పెంపుడు కుక్కో ఉంటే గాలికోసం వదిలిన సందు కూడా మూసుకుపోతుంది, సెన్సారు మీద కాకి రెట్ట పడినా చాలు. చినుకు పడగానే ఫోన్‌కు కబురు పంపి, వచ్చి నొక్కి పట్టుకుని మూసుకోమనండి. ప్రాజెక్టు చిన్నదైపోదు.

(మరో విద్యార్థి: నాన్నగారి కారులో బిగించి డెమో ఇవ్వొచ్చా సార్?)

వద్దు. వైరింగ్ కోసిన కారుకు వారంటీ విషయంలో పేచీ వస్తుంది. పైగా తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి అదనపు తీగలు దూర్చితే తెరిచి మూసినప్పుడల్లా నలుగుతాయి. తుక్కులో ఒక తలుపు కొనుక్కోండి. రెగ్యులేటరు, మోటారు, గాడి రబ్బరుతో సహా అడగండి. రబ్బరు లేని తలుపు మీద తీసిన రీడింగులకు అర్థం లేదు.

(ఇంకో విద్యార్థి: మా తలుపు డెమోకు పావుగంట ముందు బాగానే ఉంది సార్, తర్వాత అసలు కదల్లేదు. రిలే టిక్కుమంటోంది, మోటారుకు 12 వోల్టులు వస్తున్నాయి.)

ఎన్నిసార్లు ఎక్కించి దించారు? ముప్పై? మోటారు లోపల వేడికి తెగే థర్మల్ స్విచ్ ఉంటుంది. వరసగా ఆడిస్తే, ముఖ్యంగా పైన తగిలించి ఆపుతూ ఉంటే, అది తెరుచుకుంటుంది. మీ సర్క్యూట్‌లో తప్పేమీ లేదు. పది పదిహేను నిమిషాలు చల్లారనిస్తే దానంతట అదే కలుస్తుంది. డెమోకు ముందు రిహార్సల్ తగ్గించండి, కుదిరితే ఇంకో మోటారు సిద్ధంగా ఉంచుకోండి. ఇదిగో, ఈ మోటారు కూడా చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. టీ తాగి రండి. ఇంకా నాలుగు మునక్కాడలున్నాయి, ఈసారి సెన్సారు కలిపి చూద్దాం.